నక్క తొక్కని గడప

గెమ్మెలి ధనుంజయ్ నాకు సొంత బావమరిది. నా పెళ్ళిలో నా నెత్తిన గొడుగు పట్టింది వాడే. నా చేను పోయిన రోజున ఊరందరి ముందూ నోరిప్పిందీ వాడే. వాడు అబద్ధమాడేడని నేననను. అబద్ధమాడి ఉంటే ఈ పాటికి వాణ్ణి ఒగ్గేసి ఉందును. వాడు నిజం చెప్పేడు. ఏడాదిన్నర పాటు ఆ నిజాన్ని కడుపులో దాచుకుని, సరిగ్గా నా పీక మీదికి వచ్చిన రోజున బయటికి తీసేడు. నా మంటల్లా అదే.

ముందే చెప్పేస్తున్నాను, నేను ఏడో తరగతిలో ఆశ్రమ పాఠశాల గోడ దూకి వచ్చేసినవాణ్ణి. పేరు పోతురాజు. మాట్టాడినట్టే రాయడం వచ్చు తప్ప రాసినట్టు మాట్టాడడం రాదు. తప్పులుంటే సర్దుకోండి.

మా గూడ అరకుకి నాలుగు కిలోమీటర్లు. తొంభై ఆరులో సంత వీధి చివర ఎస్టీడీ బూతు పెట్టేను. రైలు దిగిన టూరిస్టులు, బదిలీ మీద వచ్చిన మేస్టార్లు, కొడుకు మిలట్రీలో ఉన్న ముసలమ్మలు నా అద్దాల పెట్టెలో నిలబడి అరుచుకునేవారు. బూతు బాగానే నడిచింది. అంతలో సెల్‌ఫోన్లు రాబోతున్నాయని అందరూ బెదిరించడం మొదలెట్టేరు. అప్పుడే, రెండువేల రెండులో, ఎస్.కోట నుంచి వరహాలరావు వచ్చేడు. పాత కంప్యూటర్లు కొని, దులిపి, కొండమీద అమ్ముకునే మనిషి. మూడు మిషన్లు దింపి, ఫోను తీగ తగిలించి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టేడు.

“చూడు పోతురాజూ, ఈ నీలం రంగు ‘ఈ’ బొమ్మ ఉంది కదా, దీన్ని టకటకా రెండుసార్లు నొక్కితే ఇంటర్నెట్టు. ఇంకేదీ ముట్టుకోకు.”

“ముట్టుకుంటే?”

“ముట్టుకుంటే నేను మళ్ళీ కొండెక్కాలి. బస్సు చార్జీ నీదే, నాటుకోడీ నీదే.”

ఆ కోడి కూర తింటూనే నాకు ఒక యుద్ధం కథ చెప్పేడాయన. ఇంటర్నెట్టు చూపించే బొమ్మల్ని బ్రౌజర్లంటారంట. మొదట్లో నెట్‌స్కేపని ఒకటి ఉండేదంట, లోకమంతా అదే వాడేవారంట. అంతలో ఈ నీలం ‘ఈ’, ఎక్స్‌ప్లోరరు, వచ్చింది. కంప్యూటరు కొంటే దాంట్లోనే ఊరికే వచ్చేసేది. ఇంట్లో ఉన్నదాన్ని ఒదిలి పక్కదాన్ని తెచ్చుకోడానికి ఎవడు తిరుగుతాడు? నాలుగైదేళ్ళలో నెట్‌స్కేపు మట్టి కరిచింది.

“అంటే ఇదే గెలిచిందన్నమాట,” అన్నాను.

“గెలిచిపోయింది. ఆట అయిపోయింది. నీకింక దిగుల్లేదు,” అని వరహాలరావు ఎముక పీల్చి పారేసేడు.

ఆ మాట నేను గుండెల్లో పెట్టుకున్నాను. జీవితంలో మొదటిసారి గెలిచినోడి పక్కన ఉన్నాననుకున్నాను. గెలిచినోడు గెలిచేక ఏం చేస్తాడని ఆయన్ని అడగలేదు. పడుకుంటాడు. అయిదేళ్ళపాటు దాంట్లో చెప్పుకోదగ్గ మార్పేదీ రాలేదని తరవాత విన్నాను. అయినా నాకు దాన్ని అనే హక్కు లేదు. నా మిషన్లలో ఉన్నది ఐదో నంబరు. ఆరోది అప్పటికే ఉంది, దించుకోమని అడుగుతూనే ఉండేది. ఫోను తీగ మీద అది దిగాలంటే పూటంతా పట్టేది. పూటంతా తీగ ఖాళీ లేకపోతే గిరాకీ పోద్దని నేనే వద్దని నొక్కేసేవాణ్ణి. అలా ఆరేళ్ళు వద్దన్నాను.

మొదటి మూడేళ్ళు మాత్రం నా కొట్టే కొట్టు. పదో తరగతి ఫలితాల రోజున గుమ్మం బయట చెప్పులు కుప్పపడేవి. నా భార్య పేరు పెట్టి ‘సోములమ్మ నెట్’ అని బోర్డు రాయించేను. దాని పేరు బోర్డు మీద చూసుకుని సోములమ్మ సంతకెళ్ళిన ప్రతిసారీ ఆ వీధిలోంచే నడిచేది.

రెండువేల అయిదులో ధనుంజయ్ విశాఖపట్నం నుంచి వచ్చేసేడు. అక్కడ కాలేజీ పక్కన నెట్ సెంటర్లో పని చేసేడు. వచ్చిన రోజే నా దగ్గరికొచ్చి, “బావా, నువ్వూ నేనూ కలిసి నడుపుదాం. మిషన్లు నీవి, కొత్త పనులు నావి,” అన్నాడు.

“ఇక్కడ రెండో కుర్చీకి చోటు లేదురా,” అన్నాను.

ఇదీ నేనన్న మాటే. దాచను. వాడు తల గోక్కుని నవ్వి ఎల్లిపోయేడు. మూడు నెలల్లో నా కొట్టుకి ఎదర వరసలో, పదకొండు అడుగుల దూరంలో, షట్టరు ఎత్తేడు. పదకొండని ఎందుకు తెలుసంటే తరవాత ఒకరోజు ఆ అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచేను.

వాడి మిషన్లలో నీలం ‘ఈ’ లేకపోలేదు. కాకపోతే దాన్ని మూలకి నెట్టి, నడిమధ్యన ఇంకో బొమ్మ పెట్టేడు. నీలం బంతిని చుట్టుకుని పడుకున్న ఎర్ర నక్క. ఫైర్‌ఫాక్సు. సంతలో ఎవరూ ఆ పేరనలేదు. నక్క బొమ్మ అన్నారు, నక్క కొట్టు అన్నారు. వాడూ బోర్డు మీద నక్కనే గీయించుకున్నాడు. ఆ గీసినవాడికి నక్క రాక అది కుక్కలా వచ్చింది, అయినా జనం ఆగలేదు.

ఆ నక్కలో విశేషం ఏటంటే, ఒకే కిటికీలో నాలుగు పేజీలు పక్కపక్కనే తెరుచుకునేవి. ఒకటి చదువుకునేలోగా మిగతా మూడూ వెనకాల దిగుతుండేవి. ఇద్దరికీ అదే తీగ, అదే నత్త నడక. కానీ వాడి దగ్గర కూర్చున్నవాడికి ఎదురుచూసినట్టు ఉండేది కాదు. నా దగ్గర కూర్చున్నవాడు తెల్ల తెర చూస్తూ గోళ్ళు కొరుక్కునేవాడు. దానికి తోడు నా పాత మిషన్ల మీద అడక్కుండానే ప్రకటనలు ఎగిరొచ్చేవి. ఒకసారి హైస్కూలు మేడం గారు మార్కులు చూసుకుంటుంటే చూడకూడని బొమ్మ ఒకటి వచ్చి తెర నిండా నిలబడింది. ఆవిడ మళ్ళీ నా గుమ్మం ఎక్కలేదు. నక్క అలాంటివాటిని గుమ్మంలోనే ఆపేసేదంట.

కుర్రకారు నోళ్ళు ఊరుకుంటాయా?

“మావా, నీ కాడ ఒక పేజీ తెరుసుకునేలోగా ధనుంజయ్ కాడ నాలుగు తెరిసి, టీ తాగి, ఇంటికెల్లి పడుకోవచ్చు.”

“మావ కొట్లో కంప్యూటరు కాదురా, దేవుడు. దండం పెట్టుకుని కూకోవాల, కరుణిత్తే కరుణిత్తాడు.”

“ధనుంజయ్ నక్క తోక తొక్కేడు మావా, నువ్వేటి తొక్కేవు?”

నేను నవ్వేవాణ్ణి. పళ్ళు కొరుకుతూ నవ్వడం ఎలాగో ఆ ఏడాది నేర్చుకున్నాను.

ఇంక ఒట్టు సంగతి. ఈ కథకి మూలం అదే.

రెండువేల ఆరు జులై. కాఫీ తోటలో కలుపు తీస్తున్నాం, నేనూ సోములమ్మా. సన్నగా వాన. ధనుంజయ్ గొడుగేసుకుని గట్టు మీద నడిచొచ్చేడు. చొక్కా లోపల్నుంచి ఒక సీడీ తీసేడు, తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది.

“ఇంద బావా. నక్క బొమ్మ. నీ మిషన్లు ముసలివైనా దీనికి పనికొత్తాయి. తీగ మీద దించుకోనక్కర్లేదు. పది నిమిషాల్లో నేనే ఎక్కించేసి ఎల్లిపోతాను. ఊరికేనే.”

“ఊరికేనా? గిరాకీ అంతా పట్టుకుపోయి ఇప్పుడు ముష్టి ఏత్తన్నావేట్రా?”

“ముష్టి ఏటి బావా! ఇది ఎవడైనా ఎవడికైనా ఇచ్చుకోవచ్చు. నీ వరహాలరావు సెప్పలేదేటి? సచ్చిపోయిందన్నాడే, నెట్‌స్కేపు, పోతాపోతా తన లోగుట్టంతా లోకానికి ఒగ్గేసి పోయింది. దాన్ని పట్టుకుని నలుగురూ కలిసి కట్టుకున్నదే ఈ నక్క. ఓడిపోయినదాని కడుపున పుట్టింది ఇది.”

ఆ మాటే నాకు ఎక్కడో తగిలింది. అంటే నేను గెలిచినోడి పక్కన లేనన్నమాట. అదీ వీడొచ్చి నా చేలో నిలబడి, నా పెళ్ళాం ముందర, నాకు చెప్పాలి.

వంగి గుప్పెడు మట్టి తీసేను. మా వాళ్ళలో మట్టి ముట్టి ఒట్టేస్తే కోర్టు కాగితం కంటే గట్టిది. చేను మట్టి ముట్టి మాట తప్పినోడికి ఆ చేను పంట ఇవ్వదని మా నమ్మకం.

“ఈ చేను మీద ఒట్టు. నీ నక్క నా కొట్టు గడప తొక్కితే ఈ మట్టి నాది కాదు.”

సోములమ్మ కొడవలి పడేసింది. “ఏటా మాట? నోరు కడుక్కో ముందు! గుంటడు మంచికే తెచ్చేడు గదా!”

ధనుంజయ్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సీడీని మళ్ళీ సంచిలో చుట్టి చొక్కాలో దోపుకున్నాడు. గట్టు మీద నాలుగడుగులు ఏసి వెనక్కి తిరిగి, “ఎక్కువ దూరం పోయేవు బావా,” అన్నాడు. ఆ తరవాత వాడు నా కొట్టు దగ్గర బ్రౌజరు మాటెత్తలేదు. ఎదురుపడితే చేను గురించి అడిగేవాడు, అక్క గురించి అడిగేవాడు. దాని గురించి మాత్రం లేదు.

రెండేళ్ళు గడిచేయి. నా మూడు మిషన్లలో ఒకటి చచ్చిపోయింది. మిగిలిన రెండింటి దగ్గరికీ మా గూడవాళ్ళే వచ్చేవారు, అదీ మొహమాటానికి.

అలా వచ్చిందే సోని. మా గూడలో కనక అని ఒకావిడ ఉంది, మొగుడు జ్వరానికి పోయేడు. ఊరి వరసకి నాకు చెల్లెలు. సోని దాని ఒక్కతే కూతురు. ఇంటరు పాసయింది. మా గూడలో ఇంటరు పాసయిన మొదటి ఆడపిల్ల. రెండువేల ఎనిమిది ఏప్రిల్లో ఒకరోజు తల్లీ కూతురూ పేపరు ముక్క పట్టుకుని నా ఇంటికొచ్చేరు. విశాఖపట్నంలో ఏదో సంస్థ కొండ పిల్లలకి ఊరికే నర్సు చదువు చెప్పి, తిండి పెట్టి, ఉద్యోగం కూడా చూపిస్తాదంట. అర్జీ మాత్రం కంప్యూటర్లోనే పెట్టాలి. పంతొమ్మిదేళ్ళు నిండితే తీసుకోరు. సోనికి జూన్లో పంతొమ్మిది నిండుతాయి.

“ఇదే దీనికి ఆఖరి ఏడు అన్నా. ధనుంజయ్ కొట్టుకి ఎల్దామంది గుంట. మా అన్న ఉండగా పరాయోడి గడపెందుకే అన్నాను,” అంది కనక.

నాకు ఛాతీ పొంగింది. “నా సేతిలో పెట్టేవు గదా, ఇంక మర్సిపో,” అన్నాను.

గడువు ఇంకా వారం ఉంది. కానీ ఆ వారమే ఇటుకల పండగ. మా పండగ తెలియనివాళ్ళకి చెప్తున్నాను. చైత్రంలో ఊళ్ళో మగాళ్ళంతా వేటకి కొండెక్కాలి. ఆ రోజుల్లో ఏ పనీ ముట్టకూడదు. ఇంటి దగ్గర ఉండిపోయిన మగాణ్ణి ఆడవాళ్ళు చీర కట్టుకోమని ఏడిపిస్తారు. వేట పడకుండా వట్టి చేతులతో దిగినోళ్ళ మీద పేడనీళ్ళు పోస్తారు. పండగయ్యేక చూద్దాంలే, ఆఖరి రోజు కూడా రోజే గదా అనుకున్నాను. నాలుగు రోజులు తిరిగితే ఒక కుందేలు కూడా పడలేదు. పేడనీళ్ళలో తడిసి ఇంటికొచ్చేను.

అయిదో రోజు గడువు. సోనిని తీసుకుని నడుచుకుంటూ బయల్దేరేను. దారిలో మూడు చోట్ల ఆడవాళ్ళు వెదురు గెడ అడ్డంపెట్టి పండగ డబ్బులు అడిగేరు. పాడి, ఆడి, ఇచ్చేదాకా ఒదల్లేదు. కొట్టు తెరిచేసరికి మధ్యాన్నం మూడయింది. అయిదుకి సైటు మూసేస్తారు.

ఆరు పేజీల అర్జీ. ఒక్కో పేజీ దిగడానికి అయిదు నిమిషాలు. సోని పక్కన నిలబడి చెప్తోంది, నేను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నాను. తండ్రి పేరు దగ్గర అది “లేరని ఎక్కడ రాయాలి మావా?” అనడిగింది. అలాంటి గడి లేదు. పేరే రాసేం. ఆరో పేజీ అడుగున ‘పంపు’ అని ఒక బొత్తాం. నొక్కేను.

తెర తెల్లబడింది.

వెనక్కెళ్ళి మళ్ళీ నొక్కేను. తెలుపు. మిషను ఆపి, మళ్ళీ వేసి, ఆరు పేజీలూ గబగబా మళ్ళీ నింపేను. ఈసారి నింపినవి అక్కడక్కడా ఎగిరిపోయేయి. బొత్తాం నొక్కితే మళ్ళీ తెలుపే. అడుగున సన్నటి అక్షరాల్లో ఇంగ్లీషులో ఏదో ఉంది. సోని వంగి చదివింది.

“మావా, మీ బ్రౌజరు పాతది, కొత్తది వాడండి అంటంది.”

“లైను బాగోలేదు. అదంతే. నువ్వు బయట బల్ల మీద కూకో.”

“టైము నాలుగూ నలభయ్యింది మావా.”

“కూకోమన్నాను గదా!”

అది కూర్చుంది. నేను బయటికొచ్చి ఎదర కొట్టు వైపు నడిచేను. పదకొండు అడుగులు. వాడి గుమ్మం ముందు ఆగేను. లోపల ఒకమ్మాయి కుర్చీలో ఉంది, పక్కూరి రాజకుమారి, పాస్టరు గారి మేనకోడలు. ధనుంజయ్ దాని వెనక నిలబడి తెర మీద వేలు పెట్టి ఏదో చూపిస్తున్నాడు. నాకు కనబడింది. అదే అర్జీ. అదే రంగు, అదే ఆరో పేజీ. వాడు బొత్తాం నొక్కేడు. తెర మీద ఆకుపచ్చగా ఒక నంబరు వచ్చింది. రాజకుమారి చప్పట్లు కొట్టింది.

అప్పుడు ధనుంజయ్ తలెత్తేడు. నన్ను చూసేడు. నేను చూస్తున్నానని కూడా చూసేడు. నా మొహంలో ఏముందో వాడికి తెలీదనుకోను. వాడి పెదవి కదిలినట్టయింది. ‘ఏటి బావా’ అంటాడేమోనని నేను నిలబడ్డాను. ఆ ఒక్క మాట చాలు నాకు. ఆ మాట పట్టుకుని లోపలికి ఎల్లిపోదును. వాడు తల దించేసుకుని కాగితం తీసుకుని ఆ నంబరు రాసుకున్నాడు.

నేను వెనక్కి తిరిగేను. నా గుమ్మం దగ్గర సోని లేచి నిలబడింది.

“ఎల్లిపోనాది,” అన్నాను.

“ఎల్లిపోనాదా మావా! నంబరేదో ఇత్తారంట గదా?”

“ఉత్తరం వత్తాది. అందులో ఉంటాది నంబరు.”

అది నా కాళ్ళకి దండం పెట్టింది. నేను కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

ఎందుకలా అన్నానని ఈ రోజుకీ సోములమ్మ అడుగుతాది. మూడుసార్లు నొక్కేను కదా, ఏదో ఒకసారి ఎల్లిపోయే ఉంటాదిలే అనుకున్నాను. అలా అనుకోవాలని అనుకున్నాను. 

ఉత్తరం రాలేదు. జూన్ వచ్చింది, సోనికి పంతొమ్మిది నిండేయి. జులైలో రాజకుమారి పెట్టె పట్టుకుని విశాఖపట్నం బస్సెక్కింది. “కొండ గుంటల్లో మంచి మార్కులోళ్ళనే తీసుకున్నారేమో అన్నా,” అని కనకే నాకు ఊరడింపు చెప్పింది. సోనికి రాజకుమారి కంటే నలభై మార్కులు ఎక్కువ.

దసరా వెళ్ళేక ఒక ఏజెంటు వచ్చి తమిళనాడు దారం మిల్లుకి పిల్లల్ని తీసుకెళ్ళేడు. సోని వెళ్ళింది. వెళ్ళేముందు నా కొట్టుకొచ్చి, “ఉత్తరం వత్తే అమ్మకి సెప్పు మావా, వచ్చేత్తాను,” అంది. ఇంకా ఎదురుచూస్తోంది అది.

రెండువేల తొమ్మిది సెప్టెంబరులో తిరిగొచ్చింది. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. మిషన్లో పడి మూడు వేళ్ళు పోయేయి. మిల్లువాళ్ళు రైలు టికెట్టు కొనిచ్చి పంపేసేరు. పుండు కుళ్ళు పట్టింది. అరకు ఆస్పత్రికి తీసుకెళ్తే, అక్కడ కట్టు విప్పిన నర్సు ఎవరనుకున్నారు? రాజకుమారి. చదువుతూనే సెలవుల్లో అక్కడ పని నేర్చుకుంటోంది.

“నువ్వూ అర్జీ పెట్టేవు గదా సోనీ? ఆ రోజు సంత వీధిలో నిన్ను సూసేను. నీ నంబరెంతొచ్చింది?” అని అడిగిందంట కట్టు కడుతూ.

“నంబరు ఇవ్వలేదు.”

“ఇవ్వకపోవడమేటి? బొత్తాం నొక్కగానే వత్తాది. రాకపోతే ఎల్లనట్టే.”

అంతే. సోని నోరెత్తి ఏడవలేదంట. కట్టు పూర్తయ్యేదాకా కూర్చుని, ఇంటికొచ్చి తల్లికి చెప్పింది. కనక వచ్చి నా గుమ్మంలో నిలబడింది. తిడుతుందనుకున్నాను. “నా సేతిలో పెట్టేవు, మర్సిపో అన్నావు గదన్నా,” అంది. ఆ ఒక్క మాటే అని ఎల్లిపోయింది.

నవంబరులో కులపెద్దలు కూర్చున్నారు. మా దగ్గర ఎవడైనా ఒక పని చేతబట్టి, చెడగొట్టి, దాచిపెడితే దానికి తప్పు, అంటే జరిమానా, కట్టాలి. పెద్దలెంతంటే అంత. నాయుడు, అంటే మా గూడ పెద్ద, నడుమ కూర్చున్నాడు. పక్కన ముసలి అచ్చియమ్మ, తొంభై ఏళ్ళుంటాయి, నాయుడికే పెద్దమ్మ. సోని తల్లి పక్కన చెయ్యి కొంగులో దాచుకుని కూర్చుంది.

నేను చెప్పవలసింది చెప్పేను. ఆ రోజు లైను బాగోలేదు, నా చేతిలో ఏమీ లేదు, ఎవరి కొట్లోనూ పని చేసి ఉండదు అన్నాను.

నాయుడు ధనుంజయ్‌ని పిలిచేడు. వాడు లేచి చేతులు కట్టుకున్నాడు.

“లైను బాగానే ఉంది బాబూ. ఆ రోజు నా కాడ ఇద్దరివి పెట్టేను. ఇద్దరికీ నంబర్లొచ్చేయి. నక్క బొమ్మలోంచి ఎల్లిపోనాయి. బావ కాడున్నది మరీ పాతది, దాంట్లోంచి ఆ అర్జీ ఎల్లదు.” వాడు నా వైపు చెయ్యి చూపించేడు. “బావ నా గుమ్మందాకా వచ్చేడు. రాజకుమారి నంబరు రావడం సూసేడు. సూసి ఎనక్కి ఎల్లిపోనాడు.”

జనంలో గుసగుస. నేను లేచి నిలబడ్డాను.

“సూసేవు గదరా నన్ను! సూసినోడివి ‘ఏటి బావా’ అని ఒక్క మాట పిలిత్తే నీ నోరు పడిపోద్దా? గుంట జీవితం పోతంటే తల దించుకుని నంబరు రాసుకున్నావు!”

“నువ్వు మట్టి ముట్టి ఒట్టేసేవు బావా. నక్క మాటెత్తనని నేనూ అనుకున్నాను. ఒట్టున్నోణ్ణి పిలిసి తప్పించినోడికి సగం పాపం. చిన్నప్పట్నుంచీ అదే గదా మనకి సెప్పింది.”

“నా ఒట్టు నా గడపకిరా! నీ గడపకి కాదు! పిలవొచ్చు నువ్వు!”

“నీ గడపకే అయితే,” అన్నాడు వాడు, గొంతు పెంచకుండా, “నువ్వే లోపలికి రావొచ్చు గదా బావా?”

 ఒక కుక్క వచ్చి నడుమ వాసన చూసి పోయింది. నేను జవాబు కోసం అందరి మొహాలూ చూసేను. సోములమ్మ తల తిప్పేసుకుంది.

అచ్చియమ్మ కర్రతో నేల మీద కొట్టింది. “ఓరి ఎర్రోడా. ఒట్టు తీయించుకోడం తెలీదేట్రా నీకు? ఊరి దేవత నిసాని రాయి కాడ ఒక కోడిని కోసి, తప్పయ్యిందని దండం పెడితే తీరిపోయేది. ఒక కోడి. ఆ కంప్యూటరాయనకి ఎన్ని కోళ్ళు పెట్టేవు నువ్వు?”

ఎవరో నవ్వేరు. నవ్వి, సోని చెయ్యి గుర్తొచ్చి ఆపేసేరు.

నాయుడు తీర్పు చెప్పేడు. గుంట కుడిచెయ్యి ఇంక కాఫీ పళ్ళు ఏరదు, కొడవలి పట్టదు. అది బతికినన్నాళ్ళు బతకాలి. తప్పు డబ్బులో కడితే తినేస్తారు. కాబట్టి నీ తోట కనక చేతికి మారాలి, అన్నాడు. ధనుంజయ్ అప్పుడు ముందుకొచ్చి, “బాబూ, సగం చాలదేటి? మా అక్క కూడా బతకాల గదా,” అన్నాడు. వాడి జాలి కూడా నాకు అక్కర్లేకపోయింది. “నాకెవడూ సగం ఇవ్వక్కర్లేదు. మొత్తం తీసుకోండి,” అన్నాను. సోములమ్మ అక్కడే కూలబడిపోయింది.

అదీ నేనన్న మాటే.

మర్నాడు తోటకి వెళ్ళేం. మా పద్ధతి ప్రకారం, ఇచ్చేవాడు ఆ చేను మట్టి తీసి పుచ్చుకునేవాళ్ళ చేతిలో పెట్టాలి. కనక ముందుకి రాలేదు. సోనియే వచ్చింది. అలవాటు కొద్దీ కుడిచెయ్యి చాపి, చూసుకుని, వెనక్కి తీసి ఎడమచెయ్యి పట్టింది. మూడేళ్ళ క్రితం నేను ఒట్టుకి మట్టి తీసిన చోటికి పది గజాలు ఉంటాది ఆ చోటు. ఇచ్చేను. అది గుప్పెట మూసుకుంది. నా మొహం చూడలేదు, కాళ్ళకి దండం పెట్టలేదు.

కొట్టు ఆ నెలే మూసేసేను. మిషన్లు వరహాలరావే వచ్చి తూకానికి కొనుక్కున్నాడు. లోకంలో ఇప్పుడు ఇంకో కొత్త బ్రౌజరు వచ్చిందంట, రంగురంగుల బంతి, నక్కనీ నీలం ‘ఈ’నీ రెంటినీ తొక్కేస్తోందంట. ధనుంజయ్ దాన్నీ పెట్టేడు. మొన్న సంతలో ఎదురై, “బావా, కొట్లో రెండో కుర్చీ ఖాళీగా ఉంది,” అన్నాడు. నేను నా దారిన నడిచేను. ఎగతాళో, నిజంగానే పిలుస్తున్నాడో తేల్చుకోలేకపోయేను. పిలిచేవాడే అయితే ఆ రోజు పిలవాలి.

నేనన్న మాట మాత్రం నేను నిలబెట్టుకున్నాను. మూసేసిన రోజు వరకూ నక్క నా కొట్టు గడప తొక్కలేదు. మట్టి మాత్రం నాది కాకుండా పోయింది. సర్వే కాగితంలో ఉన్నట్టే రాస్తున్నాను: కాఫీ తోట ఎకరా ముప్ఫై ఆరు సెంట్లు, అందులో కాపుకొచ్చిన మొక్కలు పదకొండు వందల నలభై, నీడకి సిల్వర్ ఓకు చెట్లు అరవై రెండు, వాటి మీద మిరియం తీగెలు యాభై ఎనిమిది.